గోడలోని అతుకు

మనుష్యుడు చేయు పనులు రెండు తెగలుగ నుండును. లోకము చూచునట్టివి కొన్ని, చూడనట్టివి కొన్ని. ద్వారబంధమునకు చెక్కించిన లతలు, గడపకు పూసిన పసుపు, చావడిలో పఱచిన నున్నని రాళ్లు మొదటి తెగకు చేరినవి. పునాదిలోని రాయి, కప్పులోని ఇనుము, గోడలోని నీటిగొట్టము రెండవ తెగకు చేరినవి. మొదటి తెగ పనులకు మెప్పు గలదు. రెండవ తెగ పనులకు మెప్పు లేదు సరికదా, చెడినపుడు నింద మాత్రము తప్పదు. గృహప్రవేశమునాడు వచ్చిన చుట్టములలో ద్వారబంధమును పొగడనివారుండరు. గొట్టముల అతుకులు చక్కగా కుదిరినవని పొగడినవారిని నేనింతవఱకు చూడలేదు.

ఎవ్వరును చూడని పనిని, అందఱును చూచెడి పనివలెనే శ్రద్ధతో చేయవలసిన విధి మనుష్యునకు గలదా? కలదేని, ఆ విధి చేసెడివానిది మాత్రమేనా, చేయించెడివానికిని అందు భాగముండునా? ఇది ధర్మమీమాంసకు సంబంధించిన ప్రశ్న. దీనికి సమాధానము వెదకుటకు పెద్ద గ్రంథములను తిరుగవేయుటకంటె మన స్నానపుగది గోడలోని ప్లాస్టిక్ గొట్టమును పరిశీలించుట మేలని నా తలంపు. పెద్ద సంగతులు చిన్న వస్తువులయందే తేటగా కనబడును.

నీటిగొట్టముల పనివానికి ప్లంబరని పేరు. ఆ పేరు సీసమునకు లాటిను భాషలో గల ‘ప్లంబము’ అను మాటనుండి పుట్టినది. రోమనులు సీసపు గొట్టములలో నీరు పారించిరి. క్రీస్తునకు పూర్వము మొదటి శతాబ్దమున నుండిన విట్రూవియసను రోమను శిల్పశాస్త్రజ్ఞుడు సీసపు గొట్టముల నీటికంటె మట్టి గొట్టముల నీరు ఆరోగ్యకరమని వ్రాసి, సీసపు పనివారి పాలిపోయిన ముఖములనే అందుకు సాక్ష్యముగ చూపెను. హెచ్చరిక గ్రంథములో నిలిచినది. సీసము నేలలో నిలిచినది. అమెరికాలోని ఫ్లింటు నగరమున 2014లో నీటి ఆధారమును మార్చినపుడు పాత గొట్టముల సీసము త్రాగునీటిలో చేరి పసిబిడ్డలకు హాని చేసెను. నేలలో దాగినది మాటుమణిగినదని తలచుట ఎంత పొరబాటో దీనివలన తెలియుచున్నది.

మన దేశమున మొన్నమొన్నటివఱకు ఇండ్లలో నుండినవి జింకుపూతగల ఇనుప గొట్టములు. వానికి మరలు కోయవలెను, జనుపనార చుట్టవలెను, బలమైన రెంచీలతో బిగింపవలెను. కొన్నేండ్లకు లోన తుప్పుపట్టి దారి సన్నగిలును. తరువాత ప్లాస్టిక్ గొట్టములు వచ్చినవి. పీవీసీ యను ఈ పదార్థమును 1872లో జర్మను రసాయనశాస్త్రజ్ఞుడు బౌమన్ ఎండలో నుంచిన ఒక వాయువు తెల్లని గట్టి పదార్థముగ మాఱుటవలన కనుగొనెను. 1926లో అమెరికాలో వాల్డో సీమన్ దానిని మెత్తపఱచి వాడుకకు తెచ్చెను. 1930వ దశాబ్దిలో జర్మనీలో దానితో నీటిగొట్టములు చేసిరి. ఎండలో పుట్టిన ఈ పదార్థమునకు ఎండయే శత్రువగుట వింత. మేడపైన కప్పులేక పడియుండు గొట్టము కొన్నేండ్లకు పెళుసెక్కును. అందుచేతనే తెలిసినవారు దానికి లేతరంగు పూయుదురు.

ఈ గొట్టములలో గృహస్థుడు గుర్తెఱుగవలసిన భేదమొకటి గలదు. సాధారణముగ తెల్లగానుండు యూపీవీసీ గొట్టము చల్లని నీటికి. మీగడరంగున నుండు సీపీవీసీ గొట్టము వేడినీటికిని పనికివచ్చును. రెండవదానిలో క్లోరిను పాలు హెచ్చు; అది ఇంచుమించు 93 డిగ్రీల వేడిని ఓర్చును. మొదటిది అంత వేడికి మెత్తబడును. గీజరునుండి వచ్చు దారిలో మీగడరంగు గొట్టము వేయుటకు మాఱుగ తెల్లని గొట్టము వేసి పైన సిమెంటు పూసినచో, ఆ దినమున చూచువారికి ఏ భేదమును తోపదు. కొళాయి త్రిప్పిన నీరు వచ్చును. పనివాడు కూలి పుచ్చుకొని పోవును. తప్పు గోడలోనే యుండును, గడువు పెట్టిన అప్పువలె.

ఇక అతుకు సంగతి. నిజమునకు ఇది అతుకు కాదు. జిగురుతో రెండు వస్తువుల నంటించినచో నడుమ మూడవ వస్తువొకటి నిలుచును. ప్లాస్టిక్ గొట్టములకు వాడు సొల్యూషన్ అట్టిది కాదు. అది గొట్టపు వెలుపలి పొరను, ఎల్బో లోపలి పొరను కొంచెము కరగించును. రెండు కరగిన పొరలును కలిసి, ద్రావకము ఆవిరియైపోగా, ఒక్కటిగా గట్టిపడును. అనగా ఇది సంధి. మన వ్యాకరణమున రెండచ్చులు కలిసి ఒకటియైనట్లు, ఇచ్చట రెండు గొట్టములు తమ అంచులను కొంత వదులుకొని ఒకటియగును. ఒక్కవైపు మాత్రము సొల్యూషన్ పూసినచో సంధి కుదురదు.

దీనిని చేయు క్రమము కష్టమైనది కాదు, ఓపికతో కూడినది. గొట్టమును కొలిచి గుఱుతు పెట్టవలెను. ఎల్బోలోనికి పోవు భాగమునుకూడ కొలతలో చేర్చవలెను. కోత నిట్రముగ, వంకరలేక యుండవలెను. కోసిన అంచున నిలిచిన పీచును ఆకురాయితోనో చాకుతోనో తీసి, అంచును కొంచెము వాలుగ చేయవలెను. లేనిచో ఆ పీచు సొల్యూషన్‌ను లోనికి త్రోసికొనిపోవును, గొట్టపు గోడమీద మిగులదు. తరువాత పూతలేక ఒకమారు కూర్చి చూడవలెను. గొట్టము ఎల్బోలో మూడవవంతునకు తక్కువగాకుండ, మూడింట రెండువంతులకు మించకుండ దూరి నిలిచినచో కుదురు సరిగానున్నట్లు. పొడిగుడ్డతో తడియు దుమ్మును తుడువవలెను. సొల్యూషన్ రెంటికిని పూసి, వెంటనే దూర్చి, పావుచుట్టు త్రిప్పి, అరనిమిషము చేతితో అదిమి పట్టుకొనవలెను. ఎల్బో లోపలివైపు కొంచెము సన్నగిలియుండుటచేత, వదలినయెడల గొట్టము తనంతట వెనుకకు వచ్చును. ఆ అరనిమిషము పట్టుకొననందుచేతనే చెడిన అతుకులు పెక్కులు గలవు. పిదప నీరు వదలకుండ వేచియుండవలెను. ఎంతసేపన్నది గొట్టపు లావును, గాలిలోని చలిని, తడిని బట్టి మాఱును, డబ్బామీద వ్రాసియుండును. ఒకదినము వేచినచో ఇంటిగొట్టములకు సాధారణముగ చాలును. ఇన్నియు నైన తరువాత, గోడ పూయకముందే, గొట్టములనిండ నీరు నింపి, చేతిపంపుతో ఒత్తిడి పెట్టి, ముల్లు దిగకుండ నిలిచినదా యని పరీక్షింపవలెను.

ఇందులో బుద్ధికి మించినదేదియు లేదు. సాహిత్యమును చదువగలవారును, లెక్కలు కట్టగలవారును రెండు దినములలో నేర్వదగిన పని ఇది. ఐనను అతుకులు చెడుచున్నవి. ఏలన ఈ క్రమములోని ప్రతి మెట్టును విడిచిపెట్టదగినదే. విడిచినచో ఆ దినమున ఎవ్వరికిని తెలియదు. పీచు తీయకపోయినను గొట్టము దూరును. పొడిగా కూర్చి చూడకపోయినను దూరును. ఒక్కవైపు మాత్రమే పూసినను ఆ సాయంకాలమునకు నిలుచును. ఒత్తిడి పరీక్ష చేయకపోయినను గోడ పూయవచ్చును.

గ్రీకు తత్త్వవేత్తయగు ప్లేటో తన రిపబ్లిక్ అను గ్రంథమున ఒక ఉంగరము కథ చెప్పించెను. దానిని లోనికి త్రిప్పిన గొల్లవాడు అదృశ్యుడగును. అదృశ్యుడైన పిదప ఏ పాపమునకును వెనుదీయడు. మనుష్యుడు న్యాయముగ నుండుట ఇతరులు చూచుటచేతనేగాని, న్యాయముమీది ప్రీతిచేత కాదని వాదించుటకు ఆ కథను ఒక పాత్ర నోట పలికించి, ఆ వాదమును ఖండించుటకు గ్రంథమంతయు నుపయోగించెను. మాయ యుంగరము లోకమున లేదు. కాని సిమెంటుపూత గలదు. పూత పూయుటకు ముందు గంటసేపు ప్రతి పనివాడును ఆ ఉంగరమును ధరించియుండును. మన స్మృతికారులు ధర్మమునకు ప్రమాణములను లెక్కించుచు, చివర ‘ఆత్మతుష్టి’ని చేర్చిరి. గ్రంథము చెప్పనిచోట, పెద్దలు చూడనిచోట, తన లోపల తృప్తి కలుగునట్లు చేయుటయే ప్రమాణమని దాని తాత్పర్యము. అది ఉంగరమునకు తగిన సమాధానము. ఆ స్మృతులే వృత్తులకు ఎక్కువ తక్కువలు నిర్ణయించి, చేతిపనివానిని దూరముగ నిలిపినవి. దూరముగ నిలువబెట్టబడినవానినుండి ఆత్మతుష్టిని కోరుట ఎట్టి న్యాయము? ఈ ప్రశ్నకు మరల వత్తును.

కొందఱిట్లందురు: “పనివానికి శిక్ష యుండవలెను, భయమున్న మోసముండదు.” భయము కొంతవఱకు పనిచేయును. ఐఎస్ 4985, ఐఎస్ 15778 వంటి ప్రమాణముల గుఱుతు గొట్టముమీద నున్నదా యని చూచుట మంచిదే. కాని ఆ గుఱుతు గొట్టమునకేగాని అతుకునకుండదు. కర్మాగారమునకు తనిఖీ గలదు. సజ్జక్రింద వంగి పనిచేయు చేతికి తనిఖీ లేదు. మఱియు చెడు అతుకు వెంటనే బయటపడదు. నీటి స్వభావము చూడుడు. మూసిన పాత్రలోని నీటిమీద పెట్టిన ఒత్తిడి అన్ని దిక్కులకును సమముగ ప్రసరించునని 17వ శతాబ్దమున పాస్కల్ చెప్పెను. మేడమీది ట్యాంకు పది మీటర్ల ఎత్తుననున్నచో, క్రిందనున్న ప్రతి అతుకుమీదను చదరపు సెంటీమీటరునకు ఒక కిలోగ్రాము చొప్పున ఒత్తిడి, రాత్రియనక పగలనక, ఉండును. నీరు అందఱికంటె ఓపికగల పరీక్షకుడు. మేస్త్రి మంచివాడా, యజమాని గొప్పవాడా యని అది విచారింపదు. బలహీనమైనచోటు నెక్కడున్నను వెదకి పట్టుకొనును. ఐతే ఫలితము ప్రకటించుటకు మూడేండ్లు పట్టవచ్చును. అప్పటికి పనివాడెక్కడనో యుండును, శిక్షించువాడెవడు?

ఆ ఫలితమెవరికి తగులును? ఇదియే ఈ విషయములో ముఖ్యమైన భాగము. చెడ్డ అతుకు దండన దానిని చేసినవానికి రాదు. తక్కువ కూలికి చేయించినవానికి సయితము తఱచు రాదు. ఇల్లు కొన్నవానికో, క్రింది వాటాలో అద్దెకున్నవానికో, చెమ్మగోడ ప్రక్కన పడుకొన్న దగ్గువాని మంచమునకో వచ్చును. సెకనునకొక చుక్క కాఱుచున్నదనుకొందము. దినమునకు 86,400 చుక్కలు. ఇరువది చుక్కలు ఒక మిల్లీలీటరని లెక్కించినచో, దినమునకు నాలుగు లీటర్లకు పైన; ఏటికి పదునైదువందల లీటర్లకు మించును. ఇది కొళాయి చివర కాఱినచో కంటికి కనబడును, క్రింద బకెట్టుంచవచ్చును. గోడలో కాఱినచో సున్నము పెచ్చులూడును, తలుపు ఉబ్బును, బూజుపట్టును, లోపలి ఇనుము తుప్పుపట్టును. అది కనిపెట్టుటకు పలకలు పగులగొట్టవలెను. పావుగంట ఓపికలేమికి మూడేండ్ల తరువాత ఎవరో ముక్కుమొగ మెఱుగని కుటుంబము నెలజీతము చెల్లించును. కనబడని పనిలోని అధర్మము ఎప్పుడును అపరిచితునిమీదనే పడుట దాని విశేషలక్షణము. కనుకనే అది చిన్న పాపము కాదు.

ఇప్పుడు రెండవ ప్రశ్నకు వత్తము. ఈ పాపములో చేయించెడివాని భాగమెంత?

సాధారణముగ ఇల్లు కట్టించువాడు గొట్టముల పనిని గుత్తకిచ్చును. ముగ్గురిని బేరమాడి, తక్కువ చెప్పినవానికిచ్చును. ఏ గొట్టము వేయుచున్నారో అడుగడు; అడిగినను చెప్పినది తెలియదు. “ఎప్పటికి పూర్తియగును?” అని దినమునకు నాలుగుమార్లు అడుగును. పలకల రంగును ఏరుటకు భార్యాపుత్రులతో మూడు అంగళ్లు తిరుగును. పలకల వెనుకనున్నదానిని చూచుటకు మూడు నిమిషములుండడు. పూత పూయుటకు ముందు ఒకదినము నీరు నింపి పరీక్షింతమని మేస్త్రి చెప్పినచో, “ఆ దినపు కూలి యెవరిచ్చెదరు?” అనును. ఇట్టివాడు తరువాత గోడ చెమ్మగిలినపుడు, “ఈ కాలపు పనివారికి నీతిలేదు” అని వీధియరుగుమీద ఉపన్యసించును. వేచియుండుటకు వెలయీయనివాడు వేచియుండలేదని నిందించుట న్యాయమా? తొందరను కొన్నవాడు తొందరపాటునుకూడ కొన్నట్లే.

ఐతే మంచి పనికిని చెడు పనికిని భేదము తెలియనివాడు మంచి వెల ఎట్లు ఇచ్చును? ఇచ్చటనే మన చదువుల లోపము బయటపడుచున్నది. పదునైదు పదునాఱేండ్లు చదివిన యువకుడు పాస్కల్ సిద్ధాంతమును పరీక్షాపత్రమునందు తప్పులేక వ్రాయును. తన ఇంటి గేట్‌వాల్వ్ ఎక్కడనున్నదో ఎఱుగడు. అర్ధరాత్రి గొట్టము పగిలి ఇల్లు మడుగైనపుడు, త్రిప్పి మూయవలసిన పిడి యేదో తెలియక, ఎవరినో పిలుచుటకు ఫోను వెదకును. పాఠశాలలలో నేనుచూచిన విద్యార్థులలో పలువురు ‘వ్యాకోచము’ అను మాటకు నిర్వచనము చెప్పగలరు. మూడు మీటర్ల ప్లాస్టిక్ గొట్టము, ముప్పది డిగ్రీల వేడి పెరిగినచో, ఇంచుమించు ఆఱు మిల్లీమీటర్లు సాగుననియు, కావున మేడమీది గొట్టమును మేకులతో కదలకుండ బిగింపరాదనియు తెలిసినవారు అరుదు. జ్ఞానము కంఠమునుండి చేతికి దిగలేదు.

ఈ లోపమును పెద్దలు గుర్తింపకపోలేదు. 1937లో వార్ధాలో జరిగిన విద్యాసభలో గాంధీమహాత్ముడు, చేతిపనిని విద్యకు అలంకారముగ కాక ఆధారముగ చేయవలెనని ప్రతిపాదించెను. ఆ పద్ధతి దేశమున వేరూనలేదు. చేతిపని పాఠశాలకు వచ్చినచోట్ల సయితము వారమున కొక గంటగా, మార్కులులేని గంటగా వచ్చినది. పిల్లలు పెద్దల మనస్సును త్వరగా గ్రహింతురు. మార్కులులేనిది మర్యాదలేనిదని వారికెవ్వరును వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఇందుకు ఆక్షేపణలు గలవు. మొదటిది: “వృత్తివిభాగము నాగరకతకు మూలము. వైద్యుడు గొట్టములు బిగించుచు, ప్లంబరు నాడి చూచుచు నుండవలెనా?” అక్కఱలేదు. గృహస్థుడు ప్లంబరు కావలెనని నేను చెప్పుటలేదు. సంగీతము నాలుగేండ్లు నేర్చినవాడు విద్వాంసుడు కాకపోవచ్చును. కాని విద్వాంసుని పాటకు తల ఎప్పుడూపవలెనో తెలిసికొనును. అట్లే, తన చేతితో నాలుగు అతుకులు వేసి, అందొకటి ఎందుకు కాఱినదో తెలిసికొన్నవాడు, నలువది అతుకులు కాఱకుండ వేసినవాని పనికి వెల కట్టగలడు. ఎఱుకనుండియే గౌరవము పుట్టును. ఎఱుగని గౌరవము ముఖస్తుతి.

రెండవ ఆక్షేపణ దీనికంటె బలమైనది: “అందఱును తమ పనులను తామే చేసికొనిన పేద పనివాని బ్రదుకేమి కావలెను?” ఇది దయతో అడిగినచో వినవలసినదే. కాని అనుభవమున చూడగా, కొళాయి వాషరు మార్చుటకు ఎవ్వడును పది మైళ్ళు సంతోషముగ రాడు; ఆ పనికి వచ్చు కూలి వాని రాకపోకలకే చాలదు. చిల్లర పనులు ఇంటివారు చేసికొని, గోడలోపలి పనులను నేర్పరికి నిండుకూలికి అప్పగించినచో, ఆతని ఆదాయము తగ్గదు. పనివానిని నిజముగ చెఱచుచున్నది స్వయముగ పనిచేసికొను గృహస్థుడు కాడు. పని తెలియక బేరముమాత్రము తెలిసిన గృహస్థుడు.

స్వయముగ చేసికొనదగిన పనులేవి? కాఱు కొళాయికి వాషరు మార్చుట. మరలకు టెఫ్లాన్ టేపు చుట్టుట. పగిలిన తోట గొట్టమును కోసి నడుమ కప్లింగు వేయుట. కుండీలకు సన్నని గొట్టముతో నీరందునట్లు చేయుట. మేడమీది వాననీటిని గొట్టము ద్వారా ఇంకుడుగుంతకు చేర్చుట. ఈ చివరిదాని ఫలమును లెక్కించి చూడుడు. నూఱు చదరపు మీటర్ల మేడమీద ఒక్క సెంటీమీటరు వాన కురిసినచో, అది వేయి లీటర్లు. అంత నీరు వీధిలోనికి పోవుటయు, మన బావిలోనికి పోవుటయు ఒక గొట్టము, రెండు ఎల్బోల మీద ఆధారపడియున్నది. ఇట్టి పనులలోకూడ జాగ్రత్త వలయును. సొల్యూషన్ ఆవిరి తలతిప్పును, మండును. కిటికీలు తెఱచి, నిప్పు దూరముగనుంచి పనిచేయవలెను. గీజరు విద్యుత్తుతో కూడినది కనుక దానిని తెలిసినవానికే విడువవలెను.

ఇంటి ఆడువారి మాట చెప్పక విడుచుట తగదు. మన దేశమున నీటిని మోసినది స్త్రీ. బిందె ఆమె చంకన, కుండ ఆమె తలపై నుండెను. 2016లో తెలంగాణమున మిషన్ భగీరథయు, 2019 ఆగస్టు 15న దేశమంతటికి జల్ జీవన్ మిషనును ఇంటింటికి కొళాయి యను సంకల్పముతో వెలువడినవి. 2019 నాటికి గ్రామీణ గృహములలో కొళాయి గలవి ఇంచుమించు 17 శాతము మాత్రమే. కొళాయి వచ్చిన ఇంట స్త్రీ నెత్తినుండి బిందె దిగినది, మహోపకారమే. కాని బిందె ఆమె చేతిలోనున్నపుడు దానిని తోముటయు, మాటువేయించుటయు ఆమెకు తెలియును. గొట్టము వచ్చిన తరువాత నీరు రానిచో ఆమె మగవాని రాకకై ఎదురు చూచుచున్నది. నీటి భారము ఆడుదానిదియు, నీటి విద్య మగవానిదియు ఏల కావలెను? కూరగాయలు తరుగు చేతికి ప్లాస్టిక్ గొట్టమును కోయుట కష్టమా? ముగ్గు చుక్కలను తూకముగ పెట్టు కంటికి కోత వంకరయగుట తెలియదా? ఆడపిల్లకు గొట్టముల పని నేర్పినచో ఆమె మర్యాద తగ్గునను తల్లిదండ్రులు, ఆమె కాపురమునకు పోయిన ఇంట నీరు రాని దినమున ఆ మర్యాద ఏమి పనికివచ్చునో ఆలోచింపవలెను.

ఇక మొదట విడిచిన ప్రశ్న. నీటికిని కులమునకును మన దేశమున గల సంబంధము చేదైనది. 1927 మార్చి 20న అంబేద్కరు వేలమందితో మహాడ్ పట్టణమునకు పోయి, చౌదారు చెఱువునీటిని దోసిట త్రాగి, ఆ నీరు అందఱిదని చాటవలసివచ్చెను. చెఱువు ఒడ్డున నిలిచిన అంటరానితనము గొట్టములోనికి దూరలేదని సంతోషింతము; కొళాయి నీరు ఎవరి వాకిటనుండి వచ్చినదో ఎవరును చెప్పలేరు. కాని ఇంటిలోనికి వచ్చు గొట్టమున కొక గౌరవమును, ఇంటినుండి పోవు గొట్టమునకు మఱియొక గౌరవమును మనము నిలుపుకొనియే యున్నాము. వచ్చు గొట్టము బాగుచేయువానికి కుర్చీ వేయుదుము. పోవు గొట్టము బాగుచేయువానిని పెరటిదారిని రమ్మందుము. రెండును ఒకే ప్లాస్టిక్, ఒకే సొల్యూషన్. మురుగు గొట్టపు అతుకు చెడినచో రోగము మొదట మన ఇంటనే పుట్టును. ఐనను దానిని చక్కచేసినవాని చేతికి మంచినీళ్లగ్లాసు ఇచ్చుటకు మన చేయి సంకోచించును.

ఈ సంకోచము ప్రాణములను తీయుచున్నది. 2013లో చేసిన చట్టము చేతులతో మలమెత్తించుటను, రక్షణ సాధనములులేక మనుష్యులను మురుగుకాలువలలోనికిని సెప్టిక్ ట్యాంకులలోనికిని దింపుటను నిషేధించినది. 2014 మార్చిలో సుప్రీముకోర్టు, అట్లు మరణించినవారి కుటుంబములకు పది లక్షల రూపాయల పరిహారమీయవలెనని తీర్పు చెప్పెను. 2023 అక్టోబరులో దానిని ముప్పది లక్షలు చేసెను. పరిహారము పెరుగుట న్యాయమే. కాని అది పెంచవలసి వచ్చుటయే మరణములు ఆగలేదనుటకు సాక్ష్యము. ఆ గుంతలలోని విషవాయువు కనబడదు. అందు దిగినవాడు చదువుకొన్న ఇంటివాని పిలుపుమీదనే దిగును. ‘గుత్తకిచ్చితిని, నాకేమి తెలియును?’ అనువాడు, గోడలోని గొట్టమును గూర్చియు ఆ మాటయే పలికెను. అచ్చట గోడ చెమ్మగిలినది. ఇచ్చట మనుష్యుడు పోయెను. చూడనొల్లని బుద్ధి రెండుచోట్లను ఒక్కటే. కావున తన చేతితో ఎంత పనియైనను చేయ నేర్చిన గృహస్థునకు ఒక హద్దును నేర్వవలసియున్నది: ఆ గుంతలోనికి తాను దిగరాదు, ఎవ్వరిని దింపనురాదు. యంత్రము దొరకువఱకు వేచియుండవలెను.

ప్లాస్టిక్‌ను గూర్చియు ఒక మాట. ఈ గొట్టముకూడ నిర్దోషి కాదు. దీనిని చేయుటకు మూలమగు వాయువు కర్మాగారములలోని పనివారికి కాలేయమున అరుదైన రాచపుండును కలిగించుచున్నట్లు 1974లో అమెరికాలో బయటపడెను. తరువాతనే కట్టుదిట్టములు వచ్చినవి. గొట్టము వేడికి చెడకుండుటకై కలుపు సీసపు లవణములను విడువవలెనని మన ప్రభుత్వము 2021లో నియమములు చేసెను. విట్రూవియస్ ఎత్తిచూపిన సీసమే వేఱు వేషమున మరల రాకుండ అడ్డుకొనుట కిట్లు రెండువేల యేండ్లు పట్టినది. చౌకైన వస్తువు వెనుక ఎవరి ఊపిరి యున్నదో తెలిసికొనుట కొనువాని ధర్మములో భాగమే. కోయగా మిగిలిన ముక్కలను కాల్చక, తిరిగి వాడుకొనుటయు అట్టిదే. కాల్చిన పీవీసీ పొగ విషము.

ఇంతవఱకు చెప్పినదానినుండి తేలునదిది. కనబడని పనిని శ్రద్ధగ చేయవలసిన విధి కలదు. ఏలన దాని కీడు ఎఱుగని పరులకు తగులును. ఆ విధి చేసెడివాని ఒక్కనిది కాదు. తెలిసికొనుట, చూచుట, తగిన వెలయిచ్చుట, వేచియుండుట చేయించెడివాని భాగము. వాని నతడు నెఱవేర్చిననేకాని పనివానినుండి ఆత్మతుష్టిని కోరుటకు అర్హుడు కాడు.

కనుక ఈ పత్రికను చదువు గృహస్థులకు నా మనవి యొక్కటే. వచ్చు ఆదివారమున ఇంటిలోని పిల్లలను, ఆడపిల్లలను మగపిల్లలను కూడ, పిలిచి, నీరు ఎచ్చటినుండి లోనికి వచ్చుచున్నదో, ఏ పిడి త్రిప్పిన ఆగునో, ఏ దారిని బయటికి పోవుచున్నదో, పోయి ఎచ్చట చేరుచున్నదో చూపుడు. మీకు తెలియనిచో, తెలిసిన పనివానిని పిలిచి, కుర్చీవేసి, మంచినీళ్లిచ్చి, అడిగి తెలిసికొనుడు. ఆతడు వెచ్చించిన కాలమునకు కూలి ఇయ్యుడు. మరల ఎప్పుడైన గోడ తెఱపించి పని చేయించినచో, పూతకు ముందొక దినము నీరు నింపి నిలువనిండు.